ప్రసంగం మధ్యలో లేచిన మనిషి

మా ఊరి పాస్టరమ్మగారు పోయిన మంగళవారం తెల్లవారుజామున కన్నుమూశారు. నిద్రలోనే పోయారట. పొదిలిలో నేను పాఠాలు చెప్పే బడికి కబురొస్తే, సెలవు చీటీ కూడా రాయకుండా బస్సెక్కాను. ఆవిడ గొంతు గురించి, ఆవిడ చేతి వంట గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చెప్పబోయేది కొంచెం మొహమాటపెట్టే సంగతి. రాయమన్నది మా నాయనమ్మే కాబట్టి, చదివి మూతి ముడుచుకునేవాళ్ళు ఆమెతోనే తేల్చుకోండి.

నాయనమ్మ నలభై ఏళ్ళు మిరప కోతలకు వెళ్ళింది. పొద్దున వెళితే సాయంత్రం దాకా నీళ్ళు ముట్టేది కాదు. నడుమెత్తు కూడా లేని చేలో ఆడమనిషి కూర్చోవడానికి చాటెక్కడ? డెబ్భై దాటాక ఒళ్ళు మొరాయించింది. వస్తుందనిపించి లేచేలోపే చీర తడిసేది. పైగా మంట. "మిరపకాయ వేడమ్మా, ఇన్నాళ్ళకి బయటికొస్తంది" అనేది. తడుస్తుందన్న భయంతో తాగే ఆ కాసిని నీళ్ళూ మానేసింది. ఆఖరికి చర్చి కూడా మానేసి, అడిగినవాళ్ళకు మోకాళ్ళ నొప్పులని చెప్పింది. నాలుగు నెలలు ప్రభు బల్లలో చెయ్యి వేయలేదు, చర్చిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం తీసుకోలేదు. ఆ రొట్టెముక్క అందకుండానే పోతానేమోనని గోడవైపు తిరిగి ఏడ్చేది.

ఒకరోజు పాస్టరమ్మగారు వచ్చి మంచం మీద కూర్చున్నారు. దండెం మీద పొద్దున్నే మూడు చీరలు ఆరుతుండటం చూశారట. మోకాళ్ళ ఊసే ఎత్తలేదు.

"ఏం పెద్దమ్మా, నీళ్ళు మానేశావా?"

నాయనమ్మ కొంగు మొహాన కప్పుకుంది.

"సిగ్గెందుకు? ఒళ్ళిచ్చిన దేవుడే ఒకటీ రెండూ కూడా ఇచ్చాడు. ఆయనకు లేని సిగ్గు మనకెందుకు?"

మర్నాడు ఆవిడే ఒంగోలు తీసుకెళ్ళారు. డాక్టరమ్మ మూత్రం పరీక్ష చేయించి, చీము పట్టిందని మాత్రలిచ్చింది. మిరపకాయకీ దీనికీ సంబంధం లేదంది. "నీళ్ళు మానేస్తే మంట ఇంకా పెరుగుతుంది. బాగా తాగు. రెండు గంటలకోసారి, వచ్చినా రాకపోయినా వెళ్ళు" అంది.

మంట తగ్గింది. చీరలు తడవడమూ చాలావరకు తగ్గింది. చర్చికి మాత్రం రానంది. మా ఆరాధన మూడు గంటలు.

"అయ్యగారు వాక్యం చెబుతుంటే వీపు చూపించి లేచిపోతానా అమ్మగారూ? నావల్ల కాదు."

"ముందు నేను లేస్తాలే. నువ్వు నా వెనక రా" అన్నారావిడ.

ఆ ఆదివారం అయ్యగారి ప్రసంగం మంచి ఊపులో ఉండగా, ఆయన భార్యే చాప మీద నుంచి లేచి తలుపు దాటి వెళ్ళిపోయారు. వెనకే మా నాయనమ్మ. మరుసటి వారం ఇంకో ఇద్దరు ముసలమ్మలు వెళ్ళారు. వాళ్ళదీ అదే బాధని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఆ నెలలోనే నాయనమ్మ రొట్టె తీసుకుంది.

ఊరు ఊరుకుంటుందా? పాస్టరు ఇంట్లో గొడవలంది. మొగుడి ప్రసంగం పెళ్ళానికే నచ్చట్లేదంది. సంఘ పెద్దలు ఇంటికొచ్చి మరీ అడిగారు. "వయసు మీద పడతంది, ఆపుకోలేకపోతన్నా" అని పాస్టరమ్మగారు తనమీద వేసుకున్నారు తప్ప, ముసలమ్మల పేరెత్తలేదు. నిజానికి ఆవిడకు ఆ బాధే లేదు. నేను కోపంతో ఊగిపోతుంటే, "అనుకోనివ్వవే. నా పరువు గట్టి గుడ్డ, నలుగురు ఉతికినంత మాత్రాన చిరగదు" అని నవ్వారు. అయ్యగారికి మాత్రం ముందే చెప్పి ఉంచారు, నేను లేస్తే మీరు ఆగొద్దని. ఆరేళ్ళలో ఒక్క ఆదివారం కూడా ఆయన ఆగలేదు.

బుధవారం భూస్థాపన. దానికి ముందు చర్చిలో, పెట్టె పక్కన నిలబడి పక్క ఊరి పాస్టరుగారు వాక్యం చెబుతున్నారు. అయ్యగారు ముందు కుర్చీలో తల దించుకుని ఉన్నారు. నా పక్కన నాయనమ్మ ఇబ్బందిగా కదులుతోంది. వెళ్దామా అన్నాను.

"ముందు లేచే మనిషి పెట్టెలో ఉంది గదే" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. నాయనమ్మ నా భుజం పట్టుకుని తనే లేచింది. పెట్టె పక్కగా, అందరి ముందు నుంచీ తలుపు వైపు నడిచింది. వెనక ఒక ముసలమ్మ లేచింది, ఆ వెనక ఇంకొకామె. పక్క ఊరి పాస్టరుగారు తడబడి, మళ్ళీ అందుకోబోయారు.

అయ్యగారు తలెత్తారు. "కాసేపు ఆగండి. వాళ్ళని రానీండి" అన్నారు.

చర్చి అంతా నిశ్శబ్దంగా కూర్చుంది. బయట తొట్టి దగ్గర ముగ్గురు ముసలమ్మలు తీరిగ్గా కాళ్ళు కడుక్కుంటున్న చప్పుడు వినబడుతోంది.