ఆమెన్ అనేదాకా ఆగని ఆంటీ

పోయిన బుధవారం గురుగ్రామ్‌లో ఆఫీసు మీటింగులో ఉండగా మా చర్చి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది, నర్సాంటీ ప్రభువునందు నిద్రించారని. వరసగా అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేనేమీ పెట్టలేదు. ఆవిడకు నేను చెప్పాల్సిన మాట ఒకటి ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉండిపోయింది. అది గ్రూపులో పెట్టే మాట కాదు.

ఆంటీది కాకినాడ వైపు. పెళ్ళి కాకముందే నర్సు ఉద్యోగానికి ఢిల్లీ వచ్చి, ఇక్కడే రిటైరై, భర్త పోయాక ఘాజియాబాద్‌లో ఒక్కరే ఉండేవారు. చర్చిలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆవిడ చెయ్యే నుదుటి మీద పడేది.

యమున పొంగిన ఏడాది, ఒడ్డున గుడిసెలేసుకుని కూరగాయలు పండించుకునే వాళ్ళు మా తెలుగు చర్చి హాల్లో తలదాచుకున్నారు. భోజనాల ఏర్పాట్లు నాకప్పగించారు. ఆఫీసులో ప్రాజెక్టులు నడిపేదాన్ని కదా, ఎవరు వండాలి, ఎవరు వడ్డించాలి, ఏ పూట ఎవరు ప్రార్థన చేయాలి, అన్నీ షీటు వేసేశాను. మా ఇళ్ళల్లో ఆమెన్ అనేదాకా ఎవరూ కంచంలో చెయ్యి పెట్టరు. అక్కడా అదే పద్ధతి పెట్టాను. ఒక పాట, ఒక వాక్యం, ఆ తర్వాత ప్రార్థన, అన్నీ తెలుగులోనే. ఒక్క ముక్క అర్థం కాని ఆ జనం ముందు కంచాలు పెట్టుకుని మా మొహాలు చూస్తూ కూర్చునేవాళ్ళు. ఎంత తెలివి తక్కువ పని! నాకప్పుడు అది మా విశ్వాసానికి గొప్ప సాక్ష్యంలా ఉండేది.

మూడో రోజు మధ్యాహ్నం ప్రార్థన సగంలో ఉండగా నాలుగేళ్ళ పిల్ల ఒకతి అన్నంలో చెయ్యి పెట్టింది. నేను దాని మణికట్టు పట్టుకుని ఆపాను. వడ్డిస్తున్న ఆంటీ చరచరా వచ్చి నా వేళ్ళు విడదీసి, పప్పన్నం కలిపి దాని నోట్లో పెట్టేశారు.

"ఆంటీ, ప్రార్థన అవుతోంది" అన్నాను పళ్ళ బిగువున.

"అవనీవే. కళ్ళు మూసుకుంటే ఆకలి నీకు కనపడదు గానీ, పైనున్న ఆయనేం కళ్ళు మూసుకోలేదు కదా!" అని, "ఖావో బేటా, ఖావో" అంటూ వరస పొడవునా చెప్పుకుంటూ పోయారు. అందరూ తినడం మొదలుపెట్టారు. ప్రార్థన చేస్తున్న పెద్దాయన గబగబా ఆమెన్ అనేశారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే పాస్టరుగారి దగ్గరికెళ్ళి, "ఆంటీకి భయభక్తులు లేవండీ, ఇలాగైతే నావల్ల కాదు" అన్నాను. ఆయన మొహమాటస్థుడు. ఆవిణ్ణి పిలిచి, బట్టల పని చూసుకోమన్నారు. "అచ్ఛా, ఠీక్ హై పాస్టరుగారూ" అని ఆంటీ చెంగు దోపుకుని మేడమీది గదిలోకి వెళ్ళిపోయారు. ఎవరు చెప్పారని అడగలేదు. తెలియకపోదు.

ఆ గదిలో విరాళంగా వచ్చిన సల్వార్లు గుట్టలుగా ఉండేవి, చాలావాటికి బొందులే లేవు. బొందు లేదని ఏ ఆడది నోరు తెరిచి అడుగుతుంది? ఆంటీ బజారు నుంచి నాడా ఉండ తెప్పించి, పిన్నీసుతో ఒక్కొక్కదానికీ ఎక్కించి, మడత పెట్టి ఇచ్చేవారు. "అడగలేనివే ముందు చూడాలమ్మాయ్" అన్నారు ఒకసారి నాతో. అదీ మామూలుగానే, కోపం లేకుండా.

కింద మాత్రం ఆ పిల్ల తల్లి పూట పూటా అడిగేది, "దీదీ, అమ్మా నహీ ఆయీ ఖానా దేనే?" అని, అన్నం పెట్టడానికి ఆంటీ రాలేదేమని. పని ఎక్కువగా ఉందని చెప్పేదాన్ని. రెండు రోజుల తర్వాత నేను కంచం పెట్టబోతే, ఆ పిల్ల నన్ను చూసి రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది. ఆ పూట నుంచే ప్రార్థన వంటింట్లో మాలో మేమే చేసుకున్నాం. కానీ ఆంటీని కిందికి రమ్మనలేదు. పిలిస్తే తప్పు నాదని ఒప్పుకున్నట్టవుతుందని! నీళ్ళు తగ్గి అందరూ వెళ్ళిపోయేదాకా ఆవిడ మేడ మీదే ఉన్నారు.

రెండు నెలల కిందట ఆవిడకు బాగాలేదంటే, ఈసారి చెప్పేయాలనే వెళ్ళాను. అంత నీరసంలోనూ లేచి వంకాయ ఎండురొయ్యల కూర చేశారు. నేను "ఆంటీ, ఆ వరదలప్పుడు..." అని మొదలుపెట్టగానే, "ముందు తినవే" అని వేడివేడిగా వడ్డించారు. ఎదురుగా చూసి చెప్పే ధైర్యం లేక, ప్రార్థనలో కలిపి చెప్పేద్దామని కళ్ళు మూసుకున్నాను. ఆవిడ మోకాళ్ళ కోసం ప్రార్థించాను, షుగరు కోసం ప్రార్థించాను, చర్చి కోసం, చివరికి దేశం కోసం కూడా ప్రార్థించాను. ఆ ఒక్క మాటా నోట రాలేదు. ఇక చాలించి ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి, ఆవిడ నా కంచం మీద ఇంకో కంచం బోర్లించి, చల్లారిపోకుండా రెండు చేతులూ దాని మీద పెట్టుకుని కూర్చుని ఉన్నారు.