అందరికంటే వెనక దేవదానం మేస్త్రీ

డిసెంబరు మూడో వారంలో, ఇంకా మంచు విడవకముందే, మా బీరంగూడ దగ్గర హైవే మీద రబ్బరు చెప్పుల చప్పుడు వినిపిస్తుంది. మెదక్ చర్చికి కాలినడకన పోయేవాళ్ళు. ముందు ఒక గుంపు, పాటతో కలిసి పటపటమని పోతుంది. తరువాత కాసేపు ఏమీ ఉండదు. ఆ తరువాత ఒక్క జత, నిదానంగా. ఆ చివరి జత దాటిపోయేదాకా నేను గేటు దగ్గరే నిలబడతాను. లోపల చాయ్ చల్లారిపోతుంది. పెట్టుకున్నదీ నేనే, తాగవలసిందీ నేనే కాబట్టి అడిగేవాళ్ళు లేరు.

ఈ కాలనీలో నాకు పెద్ద పేరుంది. హిందువునై ఉండి మెదక్‌కు ఏడుసార్లు నడిచానని, అదీ చెప్పులు లేకుండా, అందరికంటే ముందు నేనేనని, నర్సాపూర్ అడవిలో చిరుతపులి ఎదురైతే కర్రతో అదిలించానని ఇక్కడ అందరికీ తెలుసు. చెప్పింది నేనే. నడిచింది ఒక్కసారి. చిరుత లేదు, ఎండిన మోదుగాకులు గాలికి కదిలాయి. చెప్పులు లేకుండా నడిచిన మాట మాత్రం నిజం. నా మొదటి తప్పు అదే.

ఎనభైల చివర్లో నేను పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ మెషిన్ షాపులో ఫిట్టర్‌ని. మాది ఇంద్రేశంలో వ్యవసాయ కుటుంబం, అందుకే షాపులో నన్ను పటేలా అని పిలిచేవాళ్ళు. దేవదానం మా మేస్త్రీ. నాకు ఆకురాయి పట్టడం నేర్పింది ఆయనే. ఆయన షాపులో ఒక పద్ధతి ఉండేది. ఎవరు పీసు పాడుచేస్తే వాళ్ళే దాన్ని తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాలి. ఆయన అరిచేవాడు కాదు, చేతిలోకి తీసుకొని తిప్పి చూసి, “ఏడ తప్పిందో నువ్వే చెప్పు,” అనేవాడు. చెప్పించుకొని ఇంకో ముక్క ఇచ్చేవాడు. పాడైన పీసును తుక్కులో దాచినవాడితో మాత్రం నెల రోజులు మాట్లాడేవాడు కాదు. ఆ మౌనానికి భయపడి నేను పని నేర్చుకున్నాను.

ఆయన భార్య సుగుణమ్మ, పిల్లవాడి జబ్బు నయమైతే ఏడేళ్ళు మెదక్‌కు నడిచి వస్తానని మొక్కుకుంది. క్రిస్మస్ తెల్లవారుజాము ఆరాధనకల్లా చర్చి మెట్లెక్కాలి. ఆరేళ్ళు నడిచింది. ఏడో ఏడు రాకముందే కామెర్లతో పోయింది. మిగిలిన ఆ ఒక్క ఏడూ ఆమె పేరుతో తానే నడవాలని ఆయన సెలవు పెట్టుకున్నాడు.

క్యాంటీన్‌లో ఈ మాట వచ్చినప్పుడు నేను ఊరుకోలేదు. “మేం ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానమ్మ కాడికి ఉత్త కాళ్ళతోటి పోతం మేస్త్రీ. చెప్పులేసుకొని నడిస్తే అది మొక్కెట్లయితది?” అన్నాను.

“మా దేవుడు చెప్పులిడువుమని అనలే పటేలా. నడువుమని గూడ అనలే. ఆమె మొక్కింది, నేను నడుస్తున్న.”

“నేనొస్త. సేద్యగాని కాళ్ళు ఎట్లుంటయో మీవాళ్ళకు చూపిస్త.”

“రా. జెర చెప్పులు సంచిల ఏసుకో.”

వేసుకోలేదు.

మొదటి రోజు సంగారెడ్డి దాకా నేను నిజంగానే ముందు నడిచాను. ముప్పై మంది ఉన్నాం. దేవదానం అందరికంటే వెనక, మెడలో విజిల్ వేసుకొని నడిచేవాడు. సుగుణమ్మ మెల్లగా నడిచేదట. ఆమెతో ఆరేళ్ళు చివర నడిచీ నడిచీ ఆ చోటు ఆయనదే అయింది. ఆయన వెనక ఇక ఎవరూ మిగలకూడదు. అదే ఆయన పని. పక్కన ఎవరూ లేకపోయినా ఆయన రోడ్డు అంచున కొంచెం చోటు వదిలి నడుస్తుండేవాడు.

రెండో రోజు నర్సాపూర్ చేరేసరికి నా అరికాళ్ళు బొబ్బలెక్కాయి. మూడో రోజు అడవి దాటి కౌడిపల్లి చేరేసరికి ఆ బొబ్బలు పగిలాయి. అప్పటికి నేను ముందు వరుస నుంచి జారి జారి మేస్త్రీ పక్కకు వచ్చి పడ్డాను.

“కుంటుతున్నవేంది పటేలా?”

“కుంటుడు లేదు. నీకు తోడుంటున్న.”

ఆయన నవ్వి, తన చెప్పులు విడిచి నా ముందు పెట్టాడు. నేను దాటుకొని నడిచాను.

నాలుగో రోజు, క్రిస్మస్‌కు ముందు రోజు, కౌడిపల్లి దాటాక ఇక నావల్ల కాలేదు. బయటికి పోయి వస్తానని చెప్పి తుమ్మల వెనక్కి వెళ్ళాను. ఆయన కొంచెం ముందుకు పోయి కల్వర్టు మీద కూర్చున్నాడు. నేను పొలాలకు అడ్డంపడి వెనక్కి పోయి, కౌడిపల్లి చాయ్ హోటలు దగ్గర అదే రోడ్డెక్కి, మెదక్ వైపు పోతున్న ఇటుకల లారీ ఎక్కాను. అలసిపోయిన అని ఒక్క మాట అంటే ఆయనే బస్సు ఎక్కించేవాడు. ఆ మాట అనలేకే ఎక్కాను. లారీ కల్వర్టు దాటేటప్పుడు ఆయన లేచి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొని, నేను పోయిన వైపే చూస్తున్నాడు. నేను కండువా మొఖం మీదికి లాక్కున్నాను.

మధ్యాహ్నానికి మెదక్‌లో ఉన్నాను. సాయంత్రం మా గుంపు వచ్చింది. మేస్త్రీ లేడు. “నువ్వు కనబడుతలేవని ఎన్కకు పోయిండు. మమ్మల్ని పొమ్మన్నడు,” అన్నారు. నేను అడ్డదారిన ముందే వచ్చానని చెప్పాను.

తెల్లవారుజామున గంటలు మోగాయి. వేలమంది మెట్లెక్కుతున్నారు. నేను కింద నిలబడి ఒక్కొక్క మొఖమూ చూశాను. అంత జనంలో నాకు కావలసిన మనిషి ఒక్కడు, ఆ ఒక్కడూ లేడు. లోపల పాట మొదలైంది, అయిపోయింది, జనం బయటికి వచ్చారు. పదకొండింటికి ఆయన వచ్చాడు. పన్నెండు కిలోమీటర్లు వెనక్కి నడిచి, తండాల్లో అడిగి, బావుల్లో తొంగిచూసి, మళ్ళీ ఆ దూరమంతా నడిచి వచ్చాడు.

“ఏమన్న అయిందేమో అనుకున్న,” అన్నాడు.

“అడ్డదారుంటే వచ్చిన మేస్త్రీ.”

“గట్లనా.” మెట్ల వైపు చూశాడు. “ఆమెదొక్క ఏడు మిగిలిపాయె. అయినా ఎవలన్న ఎన్క పడితే, ఆమెనే ఆగుమంటుండె.”

ఆ తరువాత కూడా నాతో ఎప్పటిలాగే మాట్లాడాడు. నెల రోజుల మౌనం వచ్చినా బాగుండేది. మరుసటేడు మళ్ళీ నడిచి, ఆమె పేరున మెట్లెక్కి వచ్చాడట. నన్ను రమ్మన్నాడు. సెలవు దొరకలేదని చెప్పాను. అడగనే లేదు.

రెండు వేల సంవత్సరం దాటాక ఆయన సంగారెడ్డిలో కొడుకు దగ్గర మంచాన ఉన్నాడని తెలిసి వెళ్ళాను. “ఆ పొద్దు నేను లారీ ఎక్కిన మేస్త్రీ,” అన్నాను.

“తెల్సు పటేలా. కౌడిపల్లి చాయ్ హోటలాయన చెప్పిండు.”

“మరి నన్నెందుకు అడగలే?”

“నువ్వే చెప్తవని చూసిన.”

ఈ మాట విని మా ఆవిడ కన్నీళ్ళు పెట్టుకుంది, ఆమె బతికి ఉన్నప్పుడు. ఇప్పుడు దాచి ఏం లాభం. ఆ మాటలు జరగలేదు. వెళ్ళింది నిజం. గంటసేపు కూర్చొని, మా ఫ్యాక్టరీ మూతపడ్డ సంగతి, ప్లాట్ల ధరలు మాట్లాడి లేచాను. హోటలాయన ఆయనకు చెప్పాడో లేదో నాకు తెలియదు. నేను వద్దంటున్నా వినకుండా ఆయన గోడ పట్టుకొని గేటు దాకా వచ్చాడు. “నిమ్మళంగ పో పటేలా,” అన్నాడు. కొంచెం దూరం పోయి తిరిగి చూస్తే ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. లారీ మాట నోటిదాకా వచ్చింది. మా మధ్య పది అడుగులు. అంతలో ఆటో వచ్చింది, ఎక్కాను. ఆ ఎండాకాలం దాటకుండానే ఆయన పోయాడు.

పది అడుగులని రాశాను గాని, అదీ ఎక్కువ చెప్పడమే. ఆరుంటాయి.