స్మరాండ ఆపిన కొవ్వొత్తి

ఆ రోజు స్మరాండ మిల్లు ప్రారంభోత్సవం పాడు చేసిందట! మా స్లొబోజియా ఊళ్లో ఇప్పటికీ అంటుంటారు. మొన్న రొట్టెల కొట్టు దగ్గర ఒకాయన ఆ మాటే అంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వక్కడ ఉన్నావా?" అని అడిగాను. లేడు. ఇలా చెప్పేవాళ్లెవరూ అక్కడ లేరు. నేనున్నాను. నా పేరు కోస్టాకె, కరెంటు పనివాణ్ణి. పంతొమ్మిదేళ్లు ఆవిడ వెనకాల నిచ్చెన మోశాను.

స్మరాండ ఇంజనీరుగారు పిడికెడు మనిషి. అరవై ఒకటో ఏడు. కొన్ని చోట్ల ఆవిర్లు పేరుకుంటాయి, ఒక్క నిప్పురవ్వ చాలు పేలిపోవడానికి. అలాంటి చోట ఏ మోటారు పెట్టాలో, ఏ దీపం పెట్టాలో డ్రాయింగు గీసి ముద్ర వేసే లైసెన్సు పట్టా ఆవిడది. అయిదేళ్లకోసారి పరీక్ష రాసి, కమిటీ ముందు నిలబడి దాన్ని నిలుపుకోవాలి. నాకు తెలిసి మా చుట్టుపక్కల ఆ పట్టా ఉన్నవాళ్లు ఇద్దరే. రెండోవాడి ముద్ర ఎప్పుడూ ఏదో ఒక కంపెనీ సొరుగులోనే ఉంటుంది. "నేను సెలవులో ఉంటా, సెక్రటరీ ముద్ర కొట్టేస్తుందిలే" అంటాడు సిగ్గులేకుండా. ఈవిడ మాత్రం తన ముద్రను కళ్లజోడు డబ్బాలో దాచుకుని తిరుగుతుంది. మొగుణ్ణి పూడ్చిన రోజున కూడా అది ఆవిడ చేతిసంచిలోనే ఉంది.

ఊరి బయట బుర్లాకు అనే డైరెక్టరు పొద్దుతిరుగుడు నూనె మిల్లు కట్టాడు. గింజల పిండిలో మిగిలిన నూనెను లాగడానికి పెట్రోలు లాంటి ద్రావకం పోస్తారు. దాని ఆవిరి గాలికంటే బరువు. నేలబారున పాకి గోతుల్లో దాక్కుంటుంది. అందుకే ఆవిడ డ్రాయింగులో ఆ హాలంతా నిప్పు రాకూడదనే ఎర్రగీతలే. ఆఖరి తనిఖీ కాగితం మీద ఆవిడ ముద్ర పడ్డాకే ద్రావకం పొయ్యాలి. బుర్లాకు ఆగితే కదా! జిల్లాకి పెద్ద అయిన ప్రిఫెక్టుగారి కళ్లముందు యంత్రం తిరగాలని ముందురోజే ఎవరికీ చెప్పకుండా ట్యాంకు నింపించేశాడు.

ప్రారంభం పొద్దున పదకొండుకి. ఆవరణలో బల్లల మీద మాంసం కూరిన క్యాబేజీ చుట్టలు, రేగుపళ్ల సారా సిద్ధం. మాకు ఫాదర్ వచ్చి కొవ్వొత్తి, ధూపం తిప్పి పవిత్రజలం చల్లనిదే కుట్టుమిషన్ కూడా తిరగదు. ఆలోగా ఒకసారి చూద్దామని మేమిద్దరం హాల్లోకి వెళ్లాం. పంపు గొయ్యి దగ్గర ఆవిడ చేతిలోని గ్యాసు మీటరు కీచుమంది. ఆవిడ ట్యాంకు వైపు చూసింది. మట్టం చూపే గొట్టం పైదాకా నిండి ఉంది.

"కోస్టాకె, ట్యాంకు నిండుంది. బయట గదిలో మెయిన్ తీసెయ్. ఇక్కడ ఏ స్విచ్చీ ముట్టుకోకు, పరిగెత్తు!"

నేను తిరిగొచ్చేసరికి లోపలున్న పదకొండుమంది పనివాళ్లనీ బయటికి తరిమేసింది. గుమ్మంలో చేతులు చాపి నిలబడి ఉంది. ఎదురుగా ఫాదర్ యూస్టిన్, ఒక చేతిలో వెలుగుతున్న కొవ్వొత్తి, ఇంకో చేతిలో నిప్పుకణికల ధూపం గిన్నె.

"ఒక్క అడుగు కూడా వెయ్యకండి ఫాదర్!"

బుర్లాకు ఉరికొచ్చాడు. "ఏంటండీ ఈ గోల? ప్రిఫెక్టుగారు చూస్తున్నారు. రెండు నిమిషాల పని. దేవుడి కొవ్వొత్తికి ఎక్కడైనా పేలుతుందా?"

"ఎవరి నిప్పో ఆవిరి అడగదు బుర్లాకుగారూ. ట్యాంకు ఎవరు నింపమన్నారు?"

"ఓహో, నన్నే నిలదీస్తావా! వచ్చే నెల నీ పట్టా పరీక్ష కదూ? ఎలా వస్తుందో నేనూ చూస్తా."

ఆవిడ పెన్షనుకి ఇంకా రెండేళ్లు. పట్టా పోతే ఆఫీసులో ఫైళ్లు సర్దుకోవాలి. అయినా గుమ్మం వదల్లేదు.

"ఎంత దూరం పోవాలమ్మా?" అని ఫాదర్ నెమ్మదిగా అడిగాడు.

"గేటు బయటికి, ఫాదర్."

ముసలాయన వెనక్కి తిరిగాడు. అతిథులంతా ఆయన వెంట మూతులు ముడుచుకుంటూ నడిచారు. గేటు అవతల నిలబడే ఆయన మిల్లును దీవించాడు.

వారం తిరక్కుండా బుర్లాకు దగ్గర్నుంచి కమిటీకి ఫిర్యాదు వెళ్లింది. దైవకార్యానికి అడ్డుపడిందట, పెద్దల ముందు అమర్యాదగా నడుచుకుందట. ట్యాంకు ఊసే లేదు! ఎంత దుర్మార్గం!

మరుసటి నెల పరీక్షకి, రాజధాని బుకారెస్టులో కమిటీ ముందుకు సాక్షిగా నేనూ వెళ్లాను. వరండాలో ఫాదర్ యూస్టిన్ కూర్చుని ఉన్నాడు. తెల్లారి బస్సుకి తనంతట తనే వచ్చాడట. మాతోపాటే లోపలికి నడిచాడు. లోపల అధ్యక్షుడు కళ్లజోడు సవరించుకుని, "ఒక మతగురువుని అలా ఆపడం పద్ధతేనా?" అని ఆవిణ్ణి అడిగాడు. ఫాదర్ లేచాడు.

"అయ్యా, మా చర్చిలో పునీతుల బొమ్మలున్న గోడ వెనక బలిపీఠం ఉంటుంది. అక్కడికి ఎవరు పడితే వాళ్లని నేను రానివ్వను. మంత్రిగారొచ్చినా బయటే ఆగాలి. నన్నెవరూ అమర్యాద అనలేదే? ఈవిడ కాపలా ఉన్న గుమ్మం దగ్గర నేనే ఆగాలి. ఆగాను."

పరీక్ష ఆవిడకి కొత్తా? పట్టా ఇచ్చారు. ఇచ్చి, దాంతోపాటు ఫైల్లో ఒక మందలింపు కూడా రాశారు: అతిథుల పట్ల అమర్యాద. బుర్లాకుని మాత్రం ఒక్క మాట అనలేదు.

"పదకొండుమంది ఆ పూట ఇళ్లకెళ్లి అన్నం తిన్నారు మేడం! అది రాయడానికి ఆ కమిటీకి చోటు లేదు, అమర్యాదకుందా?" అని మెట్ల మీదే అరిచాను.

ఆవిడ ముద్రను కళ్లజోడు డబ్బాలో పెట్టి మూత నొక్కింది.

"అరవకు కోస్టాకె. మీటరు ఛార్జింగు పెట్టావా? రేపు ఎనిమిదింటికి మిల్లు గొయ్యిలో ఆవిరి కొలవాలి. ఆ పదకొండుమందీ డ్యూటీకొస్తారు."