దొరసాని జుట్టు

వికారాబాద్, సోమవారం సాయంత్రం, 1957. ఊళ్ళో మరోలా చెప్పుకోకముందే నేనే రాస్తున్నాను.

మా ఇంట్లో అద్దెకున్న విదేశీ అమ్మాయి మార్గరెట్ జుట్టు మెడదాకా కత్తిరించుకుంటానంది. పట్నం వెళితే రైలు ఖర్చు దండగని, నెలనెలా నా తల గొరిగే బాలయ్యతో "ఆమెది కూడా చూడు" అన్నాను. ఎంత తియ్యాలో చెప్పలేదు. ఆడవాళ్ళలో నాలా భర్త పోయినవాళ్ళ తల తప్ప అతను ముట్టింది లేదు.

ఆమె తల తడిపి, కత్తి తీసి, కళ్ళొత్తుకున్నాడు. "అయ్యో దొరసానమ్మా, దొర ఎప్పుడు పోయిండు?"

ఆమె భర్త కొండమీద క్షయ ఆసుపత్రిలో ఉన్నాడు.

"పోలే బాలయ్యా! రేపు ఆయనను చూడ పోతున్న. గందుకే జర సక్కగ కత్తిరించమన్న" అని మా ఊళ్ళో నేర్చుకున్న మాటల్లోనే చెప్పి ఏడ్చేసింది.

నేను తలెత్తలేకపోయాను. మీరైతే ఏం చేసేవారు? నాకు తోచినవి ఇవి:

1. బాలయ్యను తిట్టకూడదు.
2. పట్నం టికెట్లు నేనే కొనాలి.
3. రేపు ఆమె కొండకు బయల్దేరేవేళ నేను ఎదురు రాకూడదు.