చెప్పులు విప్పని వైర్‌మన్

1998 జూన్ 14, ఆదివారం ఉదయం పదిన్నర. మేముండే గుఢియారీ పేటలో మరిది కొన్న కంప్యూటర్‌కు పూజ. నేలంతా నీళ్లు చల్లాం. ముసలితనంలో అక్షరాలు నేర్చిన నేనే ముందు నా పేరు కొట్టాలి. స్విచ్ వేశాక తడిచేత్తో కంప్యూటర్ ఇనప డబ్బాకు బొట్టు పెట్టబోయాను.

ఎవరింట్లోనూ రబ్బరు చెప్పులు విప్పని రైల్వే వైర్‌మన్ అడ్డొచ్చాడు.

"అప్పా, ముట్టకు!" అప్ప అంటే మా వైపు అక్క.

"పూజలోకి చెప్పుల్తో వొచ్చి నాకు చెప్తావేటి?"

ఆయన డబ్బాకు టెస్టర్ ఆనించాడు. వెలిగింది. పాత సాకెట్‌లో పట్టలేదని మరిది ప్లగ్గుకు షాకు కొట్టకుండా కాపాడే మూడో పిన్ను కోసేశాడట.

"అర్తింగు కోసీసి దణ్ణాలెడతారేటి?"

తిట్టింది నేను, తప్పు మాది. ఆయన అర్తింగు ఉన్న కొత్త సాకెట్టూ, కొత్త ప్లగ్గూ బిగించాక నా పేరు కొట్టాను.

ఆనాడు తడినేల మీద వట్టికాళ్లతో ఉన్నది మరిది సింహాచలం, తోటికోడలు పైడితల్లి, నేను. చెప్పులతో ఆయనొక్కడే.