నా మీదికి రాని హత్యానేరం

సెల్‌ఫోన్‌లో మాట్లాడాలంటే నీళ్ల ట్యాంకు మెట్లు ఎక్కాల్సిన రోజులవి. ఖమ్మం నుంచి భద్రాచలం వైపు వెళ్తుంటే పొలాలు అయిపోయి టేకుచెట్లు మొదలయ్యే చోట మా యూనివర్సిటీ ఉండేది. నేను అక్కడ చరిత్రలో పరిశోధన చేస్తుండేవాణ్ణి. ఆస్తి లేకపోయినా నడుము వంచకుండా నడిస్తే చాలు, లోకం దానంతటదే పక్కకు తప్పుకుంటుందని నమ్మే వయసు. మా తాత బండి దిగితే ఊరంతా లేచి నిలబడేదట. నాన్న కాలానికి బండి పోయింది, నా కాలానికి ఊరే పోయింది (అంటే ఊరు ఉన్నచోటే ఉంది, అందులో మాదంటూ ఏమీ మిగల్లేదు). మిగిలిందల్లా తాతగారి వేట బాకు. దాన్ని హాస్టల్ గోడకు తగిలించి, దాని కింద కూర్చుని మెస్సు సాంబారుతో అన్నం తినేవాణ్ణి. అందరూ నన్ను 'దొరా' అని పిలిచేవారు. అందులో వెటకారం ఉందని గ్రహించడానికి నాకు చాలాకాలం పట్టింది.

నన్ను కుదురుగా ఉండనివ్వనివాడు అక్కడ ఒకడుండేవాడు. మధిరలో పత్తి వ్యాపారుల అబ్బాయి, హాస్టల్ మొత్తానికీ 'హీరో'. పాడతాడు, వాలీబాల్ ఆడతాడు, మెస్సులో అడక్కుండానే రెండో గరిటె పెరుగు పడుతుంది. ఇవన్నీ భరించేవాణ్ణేమో గానీ, వృక్షశాస్త్రంలో పరిశోధన చేసే ఏన్కూరు అమ్మాయి ఉండేది. నేను మా వంశచరిత్ర చెబుతుంటే ఆమె "అవునా అన్నా" అంటూనే వాలీబాల్ కోర్టు వైపు చూసేది. ఆ 'అన్నా' ఒక్కటే గుండెల్లో ముల్లులా ఉండేది. ఇక నాకు మిగిలిన పని హీరోను చూడటం. తింటుంటే చూసేవాణ్ణి, నవ్వుతుంటే చూసేవాణ్ణి, బండి తుడుచుకుంటుంటే చూసేవాణ్ణి. నెల తిరక్కముందే అతను బండి మీంచి పడ్డాడు, గొంతు పోయింది, ఆపైన విడవకుండా జ్వరం. నేను పైకి "అయ్యో" అన్నాను.

ఒక ఆదివారం పొద్దున హాస్టల్ దారి, మెస్సు దారి, వృక్షశాస్త్రం వాళ్ల తోట దారి కలిసే చోట గోలగోలగా ఉంది. సిమెంటు గుంటలో చిక్కటి ఎరుపు నిలిచి ఉంది. పక్కనే హీరో చెప్పులు. గదిలో హీరో లేడు. మెస్సు వంటాయన తల బాదుకుంటున్నాడు.

"పొద్దుగాల మంచుల నడుచుకుంట పోతాండు. మూడుసార్లు పిలిచిన. ఒక్కసారన్న తిరిగి చూస్తే ఒట్టు! కాళ్లకు చెప్పుల్లేవు. మనిషి గట్ల పోతడా? అది ఆయన కాదు, ఆయన ఆత్మ!"

కానిస్టేబుల్ వచ్చాడు. అసలు చిక్కు అప్పుడు మొదలైంది. సగంమంది అది రక్తం అన్నారు. మిగతా సగం పసుపూ సున్నం కలిపి, ఎవరికో దిష్టి తీసి పోసిన ఎర్రనీళ్లు అన్నారు. ఏదో తేలాలంటే ఎవరో ఒకరు దగ్గరికి వెళ్లాలి. మా వైపు ఎన్ని డిగ్రీలు చదివినవాడైనా ఎర్రనీళ్ల దగ్గరికి వెళ్లడు. పొరపాటున తొక్కితే ఆ దిష్టి మనకు చుట్టుకుంటుంది. (మా భౌతికశాస్త్రం ప్రొఫెసర్‌గారు అప్పటికే ముళ్లపొదల్లోంచి చుట్టూ తిరిగి వెళ్లి, పంచె చింపుకున్నారు.)

"దగ్గరికెళ్లి చూడవయ్యా" అన్నాడు వార్డెన్.

"రక్తమైతే నా డ్యూటీ సార్. ఎర్రనీళ్లయితే నాకు ఇద్దరు పిల్లలున్నరు" అన్నాడు కానిస్టేబుల్.

కాబట్టి శవం లేకుండా, రక్తం తేలకుండా, దూరం నుంచే విచారణ సాగింది. అనుమానం హీరో రూమ్మేట్ మీదికి వెళ్లింది. బోనకల్ నుంచి వచ్చిన బక్కపలచని మనిషి, బకెట్ విషయంలో ఎప్పుడో హీరోతో గొడవపడ్డాడు. అంతే! అతనికి కుర్చీ వేశారు, చాయ్ ఇచ్చారు. అమ్మాయిలు కూడా వేళ్లు చూపిస్తూ అతన్నే చూస్తున్నారు. ఎన్నడూ లేని కళ వచ్చింది ఆ ముఖంలో. నాకు ఒళ్లు మండిపోయింది. ఏడు తరాల్లో ఒక్క పేరున్న మనిషి లేని వంశంలోంచి వచ్చినవాడు హంతకుడా? ఇక్కడ నేనుండగా?

కానిస్టేబుల్ దగ్గరికి వెళ్లాను. "హీరోకూ నాకూ పడదని మీకెవరూ చెప్పలేదా?"

"చెప్పిండ్రు సార్. మీరు ఊకె చూస్తరంట గని, ఏం చెయ్యరంట."

"నా గదిలో బాకు ఉంది. మా తాత దాంతో పులిని..."

"చూసిన సార్. దాంతోని ఉల్లిగడ్డ గూడ తెగది."

బోనకల్ మనిషి చాయ్ గ్లాసు దించి, "దొరా, గీడ నా సంగతి నడుస్తాంది. నువ్వు పోయి టిఫిన్ చెయ్యరాదే" అన్నాడు.

అదే సమయంలో గుంపులో ఏన్కూరు అమ్మాయి కనిపించింది. ముఖం పాలిపోయి ఉంది. ఇదే అదను అనుకున్నాను. ఆమె కళ్లముందు ఒక్క అడుగు వేస్తే చాలు, హీరో బతికున్నా చచ్చినా ఇక లెక్కలో ఉండడు. "ఇంతమందిలో ఒక్కడికీ ధైర్యం లేదా? నేను చూస్తాను" అని ఆ ఎరుపు వైపు నడిచాను. కాలు ఎత్తాను.

"అన్నా! ఆగు! కాలు పెట్టకు!" అని అరిచింది ఆమె.

నా కోసం! ఆ క్షణంలో 'అన్నా' అన్నదాన్ని కూడా క్షమించేశాను. "నాకేం కాదులే" అన్నాను గంభీరంగా.

"నీకే అయితది! అవి దిష్టి నీళ్లు. నేనే తీసిన."

"ఎవరి దిష్టమ్మా?" అన్నాడు వార్డెన్.

ఆమె తల దించుకుని, వేలు మాత్రం నా వైపు చూపించింది. "ఈ అన్నదే. ఈయన చూసుడు మొదలువెట్టినకాణ్నుంచి ఆయనకు ఒక్కనాడు బాగలేదు. చెప్పులిడిచి నిలవడమన్న. దిష్టి తీసినంక ఎవరు పిలిచినా వెనక్కి చూడకుంట సక్కగ భద్రాచలం పోయి, రామయ్యకు మొక్కి రమ్మన్న. ఇగ చెప్పుల కోసం ఎట్ల మర్లుతడు?"

"గీ ముక్క ముందే చెప్పరాదమ్మా?" అన్నాడు కానిస్టేబుల్.

"పొద్దుపొద్దున ఆయనతోని నీకేం పని అని అడగరా మీరు?"

ఎవరూ ఏమీ అడగలేదు. అందరూ నన్నే చూస్తున్నారు, నవ్వుతూ. మధ్యాహ్నం బస్సుకు హీరో దిగాడు. కాళ్లకు చెప్పుల్లేవు, నున్నటి గుండు, చేతిలో ప్రసాదం. "ఏంటండీ ఇంతమంది, ఎవరన్నా పోయారా?" అన్నాడు. కానిస్టేబుల్ లడ్డూ తిని కేసు మూసేశాడు. కుర్చీ లాగేసుకున్నారని బోనకల్ మనిషి ముఖం మాడ్చుకున్నాడు. హీరోకు జ్వరం దిగిపోయింది. అదీ కాదు నన్ను కాల్చింది. గుండు కూడా అతనికి నప్పింది.

వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. నేను పాఠాలు చెప్పుకునే కాలేజీలో ఇప్పుడు నేను వచ్చిందీ పోయిందీ ఎవరూ గమనించరు. ఈమధ్య ఖమ్మంలో ఒక బట్టల దుకాణంలో వాళ్లు ఎదురయ్యారు. చంకలో బొద్దుగా ఒక పాప. "బాగున్నవా అన్నా?" అని నవ్వుతూనే ఆమె పాప ముఖం మీదికి మెల్లగా కొంగు లాగింది. కోపం రావాల్సింది, రాలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా నా చూపుకు ఇంత విలువ ఇచ్చే మనిషి లోకంలో ఈమె ఒక్కతే కదా అనిపించింది. చీర కట్టుకుని నిలబడ్డ ప్లాస్టిక్ బొమ్మ వైపు చూపు తిప్పుకుని, దానితో చెబుతున్నట్టే, "బాగున్నానమ్మా" అన్నాను.