బయటి గొళ్లెం

మా ఎదురింటి పెద్దమ్మ పోయిందన్న వార్త నాకు తలుపు అవతలి నుంచి వచ్చింది. చెప్పింది నా ఏడేళ్ల కూతురు. "అమ్మా, అవ్వ లేస్తలేదు" అంది. నేను లోపల ఉన్నాను. తలుపుకు బయట గొళ్లెం పెట్టి ఉంది. ఆ గొళ్లెం పెట్టింది పెద్దమ్మే. అంతకు ముప్పావుగంట ముందు, తన చేత్తోనే పెట్టి పోయింది.

ఇది జరిగి పదహారు రోజులైంది. నాకింకా ఏడుపు రాలేదు. వంట చేస్తున్నాను, బడికి పోతున్నాను, పిల్లలకు తలలు దువ్వుతున్నాను. రెండుసార్లు కూరలో ఉప్పు వేయడం మరిచిపోయాను, తిన్నవాళ్లూ ఏమీ అనలేదు. ఆమె గురించి నాలుగు మాటలు రాస్తే లోపల ఏదైనా కదులుతుందేమోనని రాస్తున్నాను. కదలకపోయినా ఫరవాలేదు, ఆమె ఎలాంటి మనిషో మీకు తెలుస్తుంది.

ఆమె నాకు చుట్టమేమీ కాదు. మాది రుద్రూరు దగ్గర క్యాంపు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి, కాలువ కింద పొలం కొనుక్కుని నిలబడ్డ కుటుంబం. పెళ్లయ్యాక బాన్సువాడ వచ్చాను. ఈ సందులో కిరాయికి దిగి నాలుగేళ్లు. దిగిన రోజే ఎదురింటామె మెట్ల మీద కూర్చుని మా సామాను దిగడం చూస్తోంది. నేను పోయి, "పెద్దమ్మగారూ, నీళ్లు ఏ టైముకు వస్తాయండీ?" అని అడిగాను. ఆమె పక్కున నవ్వింది. "ఏందో పిల్లా, అండీ గిండీ అంటున్నవ్? నేనేమన్న కచేరిల సారునా? పెద్దమ్మా అను, సాలు" అంది. అట్లా పెద్దమ్మ అయింది. నా పిల్లలకు అవ్వ అయింది.

ఆమె కొడుకూ కోడలూ బస్టాండు దగ్గర టిఫిన్ బండి నడుపుతారు. పగలంతా ఇంట్లో ఆమె ఒక్కతే. నేనేమో పొద్దున ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి, మిగతా పొద్దంతా ఇంట్లో చాకిరీ చేసి, సర్కారు టీచరు పరీక్షకు చదవాలని మూడేళ్లుగా అనుకుంటున్న మనిషిని. పుస్తకాలు కొన్నాను. అట్టలు వేశాను. అంతవరకే అయింది.

ఫోనులో ఎవరో చెబితే విని, ఒకరోజు టైంటేబుల్ రాసి ఫ్రిజ్ మీద అంటించాను. పొద్దున నాలుగుముప్పావుకు లేవడం దగ్గర మొదలుపెట్టి, రంగు పెన్నులతో గీతలు కొట్టి మరీ రాశాను. గిన్నె తిరిగివ్వడానికి వచ్చిన పెద్దమ్మ దాని ముందు నిలబడింది. ఆమెకు చదువు రాదు.

"గిదేంది బిడ్డా? సదువు, నేనింట" అంది.

చదివాను. పిల్లల టిఫిను, ఆయన డబ్బా, బడి, అత్తయ్యకు ఫోను, బట్టలు, హోంవర్కు, రేపటికి కూరగాయలు. అన్నిటికన్నా కింద, రాత్రి తొమ్మిదింబావుకు "నాకోసం, పది నిమిషాలు" అని ఉంది. అది చదివేటప్పుడు కొంచెం గర్వంగానే చదివాను.

పెద్దమ్మ మూతి తిప్పింది. "అందరు తిన్నంక గిన్నె అడుగు గోకి నీకు పెట్టుకున్నవ్."

నాకు కోపం వచ్చింది. "మరేం చెయ్యమంటారు? రోజుకు ఇరవైనాలుగు గంటలే కదా!" అన్నాను.

"రోజు పెద్దదే ఉన్నది. నువ్వే నడుమల లేవు" అని గిన్నె పెట్టేసి వెళ్లిపోయింది.

ఆ వారమంతా ఆమె మా ఇంటిని మెట్ల మీద నుంచి కనిపెట్టి చూసిందని తర్వాత తెలిసింది. సాయంత్రం నాలుగున్నరకు నేను తలుపు లోపల గడియ వేసుకుని పుస్తకం పట్టుకునేదాన్ని. అంతే, ఒకరి తర్వాత ఒకరు. పెరుగు తోడుకు ఒకరు, సూదీదారానికి ఒకరు, కేబులతను, మా ఆడబిడ్డ, ఏ పనీ లేక ఊరికే పలకరించడానికి మరొకరు. కొడతారు, కొడతారు, తీసేదాకా కొడతారు. ఇంట్లో మనిషి ఉందని తెలిశాక ఎవరు ఊరుకుంటారు?

సోమవారం నాడు పెద్దమ్మ వచ్చింది. మా మూడేళ్ల పిల్లాణ్ని చంకనెత్తుకుంది, అమ్మాయి చెయ్యి పట్టుకుంది. నేను కిటికీ మూస్తున్నాను. నా వెనక వీధి తలుపు ధడాలున పడింది, బయట గొళ్లెం ఠంగుమంది.

"పెద్దమ్మా! ఏం చేస్తున్నారండీ?"

"సప్పుడు జెయ్యకు. నువ్వింట్ల లేవు."

"అదేంటి?"

"లోపట గడియ వెడితె కొడుతరు బిడ్డా. బయట గొళ్లెం వెడితె పోతరు. సదువుకో."

ఆ మొదటి రోజు నేను ఒక్క ముక్క చదవలేదు. నేల మీదే పడుకుని గంటసేపు నిద్రపోయాను. గొళ్లెం తీసి నా మొహం చూసి ఆమెకు సంగతి తెలిసిపోయింది. సిగ్గుపడ్డాను. "నిద్ర గూడ నీ పనే గదా. రేపు సదువు" అంది.

ఆమె గడియారం చూసేది కాదు. వాళ్ల ఇల్లు మాకు పడమర. సాయంత్రం వాళ్ల ఇంటి నీడ మా మెట్లెక్కుతుంది. మూడో మెట్టుకు రాగానే గొళ్లెం పెట్టేది, గడప మీదికి రాగానే తీసేది. కాలం మారితే ఏ మెట్టు లెక్కో ఆమెకే తెలుసు. నేను ఫోనులో చూసుకునేదాన్ని, గంటకు అయిదు నిమిషాలు అటూ ఇటూ ఎన్నడూ కాలేదు. ఆ గంటసేపు నా పిల్లలు ఆమె దగ్గర మక్క ప్యాలాలు తింటూ, బియ్యంలో రాళ్లేరుతూ ఉండేవాళ్లు. నా కూతురు నాకంటే బాగా బియ్యం చెరుగుతుందిప్పుడు.

ఈ ఉపాయం ఎక్కడ నేర్చుకున్నారని ఒకసారి అడిగాను. వాళ్ల పొలం నస్రుల్లాబాద్ దిక్కు, కాలువకు కొసన ఉండేదట. పైనవాళ్లందరూ పారించుకున్నాక మిగిలితే వీళ్లకు నీళ్లు. మిగిలేది తక్కువ.

"నాట్లేసినంక రెండేండ్లు ఎండవెట్టుకున్నం. అందర్ని బతిలాడినం. అయితదా? మూడో ఏడు మా వంతు నాడు నేనే పోయి పై తూము మీద కూసున్న. సంకల పిల్ల. నన్ను లేపి ఎవ్వడు తెరుస్తడు? పైన బంద్ వెడితెనే కొసకొస్తయ్ బిడ్డా. మిగిలితె ఇస్తరని సూస్తె ఎన్నడు రావు."

ఇట్లా ఏడాదిన్నర. ఎండ, వాన, పండుగ, పబ్బం. ఒకసారి మా అత్తయ్యే వచ్చి, గొళ్లెం చూసి, ఎదురింటి మెట్ల మీద గంట కూర్చుంది. పెద్దమ్మ ఆమెకు చాయ్ పోసి, "కోడలు బజారుకు పోయింది, వస్తది" అని నమ్మకంగా చెప్పింది. లోపల నేను నవ్వాపుకోలేక చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఈసారి పరీక్షకు సగం పైగా చదివేశాను. నా బతుకులో ఏ టైంటేబులూ నాకు ఇవ్వనిది ఆ ముసలామె ఒక ఇనుప గొళ్లెంతో ఇచ్చింది.

పోవడానికి వారం ముందు ఆమె ఎడమ భుజం పట్టుకుని కూర్చుని ఉంది. కోడలు మందు రాసిందట. "దవాఖానకు పోదాం పెద్దమ్మా" అన్నాను. "నీ పరీక్ష కానీ బిడ్డా, పోదాం. గప్పటి దాంక నేనేడికి పోత?" అంది. సరే అన్నాను. సరే అన్నది నేనే. ఆ మాటను ఇంకెవరి మీదికీ నెట్టడానికి లేదు.

ఆ రోజు ఒంటిపూట బడులు. ఎండకు సందులో పిట్ట కూడా లేదు. అమ్మాయి తలుపు కొడుతూ "అవ్వ లేస్తలేదు" అన్నప్పుడు, గొళ్లెం తియ్యి అని అరిచాను. ఎగిరింది. అందలేదు. మళ్లీ ఎగిరింది. నేను కిటికీ తెరిచి ఊచల్లోంచి చెయ్యి చాపాను, గొళ్లేనికి జానెడు దూరంలో ఆగిపోయింది. వెనక తలుపు ఉంది గానీ, అది చుట్టూ గోడ కట్టిన దొడ్లోకే పోతుంది. ఎవరైనా రండని అరిచాను. ఎవరూ రాలేదు. ఆ గంటలో ఈ ఇంట్లో మనిషి లేదని సందంతా ఏడాదిన్నరగా నమ్ముతోంది కదా. అమ్మాయి ఎదురింట్లోకి పరుగెత్తి, పెద్దమ్మ కూర్చునే నీలం స్టూలు ఈడ్చుకొచ్చి, ఎక్కి, తీసింది. ఎన్ని నిమిషాలు పట్టిందో నాకు తెలియదు. రోజంతా టైము చూసుకునే నేను అప్పుడు చూడలేదు, ఎవరికైనా ఫోను చేయాలని కూడా తోచలేదు.

పెద్దమ్మ మంచం పక్కన గోడకు ఆనుకుని ఉంది. మా పిల్లాడు మంచం మీద నిద్రపోతున్నాడు. వాడి మీద ఆమె చెయ్యి ఉంది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. తెచ్చేలోపే అయిపోయిందన్నాడు డాక్టరు. ఇంకొంచెం ముందు తెస్తే ఏమయ్యేదని ఆమె కొడుకు అడగలేదు. నేనూ అడగలేదు.

పదకొండో రోజు పెద్ద కొడప్‌గల్ నుంచి వచ్చిన ఆమె కూతురు మా అమ్మాయిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "ఆఖర్ల మా అమ్మ ఏమన్న అన్నదా బిడ్డా?" అని అడిగింది.

"చెమటలు వోస్తున్నయ్ అన్నది. నేను ఇసనకర్రతోని ఇసిరిన. మా అమ్మను పిలుస్త అన్న. వద్దు, నీడ ఇంక గడప మీదికి రాలే, అమ్మ సదువుకుంటుంది అన్నది. అటెన్క మాట్లాడలే."

నేను గోడకేసి చూస్తూ కూర్చున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది, మీకు చెబుతున్నాను. ఆ గంటలో నేను చదవడం లేదు. పుస్తకం పక్కన పెట్టి ఫోను చూస్తున్నాను. ఎవరో ఒకామె పొందికగా వంటింటి డబ్బాలు సర్దుతుంటే చూస్తున్నాను.

ఆమె కూతురు నన్ను నిందిస్తుందనుకున్నాను. నిందిస్తే బాగుండుననీ అనుకున్నాను. ఆమె మాత్రం ముక్కు తుడుచుకుని, "మా అమ్మ గంతే, మొండిది" అంది. కాసేపటికి, "మమ్ముల సాదేటప్పుడు ఒక్క గంట కూసున్నది సూడలే నేను. ఎవ్వలియ్యలే గామెకు. మాకు గూడ ఇయ్యలే. నీకియ్యాలని యాడ నేర్సుకున్నదో!" అంది. ఆ గొంతులో కోపముందో, ఇంకేమైనా ఉందో నాకు తెలియలేదు.

వెళ్లేటప్పుడు నా దగ్గరికొచ్చి, "పరీక్ష ఎప్పుడు?" అని అడిగింది.

"వచ్చే నెల. మానేశానక్కా."

ఆమె తమ్ముడు మా గుమ్మం పక్కన ఉండిపోయిన నీలం స్టూలు తీసుకుపోబోతుంటే, "ఉండనియ్‌రా. గా పొల్లకు అందది" అంది. అప్పుడు నాకర్థం కాలేదు.

నిన్న సాయంత్రం వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాను. కిటికీలోంచి చూస్తే నీడ రెండో మెట్టు దాటింది. ఆమె లేకపోయినా వాళ్ల ఇంటి నీడ మా మెట్లెక్కుతూనే ఉంది, దానికేం తెలుసు. చూడబుద్ధి కాక కిటికీ మూసేశాను. పిల్లాడు పడుకున్నాడు. బయట స్టూలు ఈడ్చిన చప్పుడైంది. నా చేతులు ఆగిపోయాయి. తలుపు దగ్గరికి పడింది. గొళ్లెం ఠంగుమంది.

"ఏయ్! ఏం చేస్తున్నావే? తియ్యి!"

"సప్పుడు జెయ్యకు అమ్మా. నువ్వింట్ల లేవు."

"తియ్యమన్నానా!" నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"ఫికర్ జెయ్యకు. ఏమన్నయితె ఎంటనే తీస్త. ఇప్పుడు నాకందుతది."

తలుపు మీద చెయ్యి పెట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఎంతసేపటికో చెప్పుల చప్పుడు వినబడింది. పక్కింటామె గొంతు: "మీ అమ్మేది బిడ్డా? జర పెరుగు తోడు కావాలె."

"లేదు. నీడ గడప మీదికి వచ్చినంక రా."

చెప్పుల చప్పుడు వెనక్కి పోయింది. నేను నేల మీద కూర్చుని, అట్ట మీద దుమ్ము తుడిచి పుస్తకం తెరిచాను. తలుపు కింద సందులోంచి స్టూలు నాలుగు కాళ్లు కనిపిస్తున్నాయి. వాటి నడుమ రెండు చిన్న పాదాలు, నేలకందకుండా, కదలకుండా ఉన్నాయి.